పేరు కుదిరితేనే బేరం

పచ్చళ్లు, పట్టుచీరలు, కొయ్యబొమ్మలు, ట్యూషన్లు... ఇంట్లో మొదలైన వ్యాపారాలు ఒక్కొక్కటిగా ఆన్‌లైన్ బాట పడుతున్నాయి. అక్కడ అడుగుపెట్టేవాళ్లు తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం డొమైన్ నేమ్. ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూఇటూగా ఖర్చయ్యే ఆ పేరు సరిగ్గా కుదిరితే కొనేవాళ్లు తిన్నగా మన దగ్గరికే వస్తారు. కుదరకపోతే పక్కింటికి పోతారు. మరి ఆ పేరును ఎలా ఎంచుకోవాలి? ఎంచుకున్నాక ఎలా కాపాడుకోవాలి?

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఒకావిడ ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టారనుకుందాం. ఊరి పేరుకు తిరుగులేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అందుకే వెబ్‌సైటుకు ‘పూతరేకులు’ అన్న మాటనే పేరుగా పెట్టుకున్నారు. హైదరాబాద్‌లో ఓ పెళ్లిలో ఆ పూతరేకులు తిన్న పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు.

‘‘మీ వెబ్‌సైట్ పేరు చెప్పమ్మా, కొట్టి చూస్తాను.’’

‘‘పూతరేకులు డాట్ కామ్ అండీ.’’

‘‘పీ తర్వాత డబుల్ ఓ నా, యూ నా?’’

‘‘డబుల్ ఓ అండీ.’’

‘‘ఆ తర్వాత ఉత్త టీ యేనా, పక్కన హెచ్ కూడా ఉందా?’’

‘‘ఉందండీ.’’

‘‘సరేనమ్మా, వాట్సాప్‌లో పెట్టు. తీరిగ్గా చూస్తాను.’’

ఆ ‘తీరిగ్గా చూస్తాను’ దగ్గరే చాలా బేరాలు ఆగిపోతాయి. డబుల్ ఓ అయినా యూ అయినా, టీ అయినా టీ హెచ్ అయినా తెలుగువాళ్లకు సమ్మతమే కాబట్టి ఆ ఒక్క మాటను నాలుగు రకాలుగా టైప్ చేయొచ్చు. అందులో మూడు దారులు వేరే చోటికి పోతాయి. సరుకులో లోపం లేదు, ధరలో లోపం లేదు. పేరు నోటి నుంచి వేలి దాకా వచ్చే దారిలోనే చిక్కంతా ఉంది. డొమైన్ నేమ్ ఎంచుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఆ దారినే. చిన్న వ్యాపారాలు మన దగ్గర పెరిగేది ఒకరు ఇంకొకరికి చెప్పుకోవడంతోనే. చెప్పుకోవడానికి వీలైన పేరే అమ్మిపెట్టే పేరు.

సొంత చిరునామా ఎందుకు?

‘ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంది, వాట్సాప్ నంబరుంది. మళ్లీ ఈ డొమైన్ ఎందుకు?’ అని చాలామంది అడుగుతారు. సోషల్ మీడియా పేజీ జాతరలో వేసుకున్న కొట్టు లాంటిది. జనం ఉంటారు, అమ్మకాలూ సాగుతాయి. కానీ స్థలం మనది కాదు. ఖాతా హ్యాక్ అయినా, కంపెనీ నిబంధనలు మారినా ఏళ్ల తరబడి కూడగట్టుకున్న కొనుగోలుదారులు ఒక్క రోజులో చేజారిపోతారు. డొమైన్ నేమ్ అలా కాదు. వెబ్‌సైట్ తయారుచేసినవాళ్లను మార్చినా, సర్వర్ మార్చినా, యాప్ పెట్టినా పేరు మాత్రం మీతోనే వస్తుంది. ఏటా రుసుము కడుతున్నంత కాలం మామూలుగా ఆ పేరును వేరొకరు తీసుకోలేరు.

నిజానికి కంప్యూటర్లకు ఈ పేర్లతో పనిలేదు. అవి ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. ఆ అంకెలు మనుషులకు గుర్తుండవు కాబట్టే 1983లో అమెరికా శాస్త్రవేత్త పాల్ మోకపెట్రిస్ డొమైన్ నేమ్ వ్యవస్థను రూపొందించారు. డాట్ కామ్‌తో మొట్టమొదటి పేరు 1985 మార్చి 15న నమోదైంది. తీసుకున్నది సింబాలిక్స్ అనే కంప్యూటర్ల కంపెనీ. 1995 దాకా పేర్లు ఉచితంగానే ఇచ్చేవారు. మనుషుల జ్ఞాపకం కోసం పుట్టిన వ్యవస్థలో గుర్తుండని పేరు పెట్టుకుంటే దాని ప్రయోజనమే దెబ్బతిన్నట్టు.

రేడియో పరీక్ష

డొమైన్ల వ్యాపారంలో ఉన్నవాళ్లు ‘రేడియో టెస్ట్’ అని ఒక మాట వాడతారు. పేరును రేడియోలో ఒక్కసారి విన్న మనిషి తప్పు లేకుండా టైప్ చేయగలిగితే అది పాసైనట్టు. పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఈ పరీక్షలో తప్పి, తర్వాత దిద్దుకున్నాయి.

జెఫ్ బెజోస్ 1994లో తన కంపెనీకి మొదట పెట్టిన పేరు ‘కడాబ్రా’. అబ్రకడబ్రా అన్న మంత్రం మాట నుంచి తీసుకున్నారు. ఫోన్‌లో ఆ పేరు విన్న లాయరుకు అది ‘కడావర్’ అని వినిపించింది. ఇంగ్లిష్‌లో ఆ మాటకు శవమని అర్థం. దాంతో ఆ పేరు వదిలేసి, ప్రపంచంలోని మహానదుల్లో ఒకటైన అమెజాన్ పేరు పెట్టారు. అప్పట్లో అమ్మింది పుస్తకాలే అయినా పేరులో పుస్తకం అన్న మాట లేకపోవడం తర్వాత ఎంత కలిసొచ్చిందో చూస్తూనే ఉన్నాం.

ఫేస్‌బుక్ 2004లో మొదలైనప్పుడు దాని చిరునామాలో ముందు ‘ద’ ఉండేది. జనం నోట్లో మాత్రం ఉత్త ఫేస్‌బుక్కే. మరుసటి ఏడాది రెండు లక్షల డాలర్లు పోసి ఆ ‘ద’ లేని పేరు కొనుక్కున్నారు. అమెరికాలో ఓవర్‌స్టాక్ అనే ఆన్‌లైన్ దుకాణం 2011లో తన పేరును ‘ఓ డాట్ కో’ అని కురచ చేసుకుంది. ‘కో’ విన్నవాళ్ల వేళ్లు అలవాటుగా ‘కామ్’ కొట్టాయి. కొద్ది నెలలకే కంపెనీ పాత పేరుకు తిరిగొచ్చింది. పేరు ఎంత పొట్టిదైనా వేళ్ల అలవాటుకు ఎదురు నిలిస్తే నెగ్గదని దానితో తేలిపోయింది.

శ్రీ ఎన్ని రకాలు?

తెలుగు పేర్లకు ఈ పరీక్ష మరీ కష్టం. చెప్పేది తెలుగులో, టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లో. మన దుకాణాల్లో సగం పేర్లు ‘శ్రీ’తోనే మొదలవుతాయి. దాన్ని ఎస్-ఆర్-ఐ అని రాసేవారున్నారు, చివర ఐ బదులు డబుల్ ఈ పెట్టేవారున్నారు. ఈ రెంటికీ మధ్యలో హెచ్ చేర్చేవారూ ఉన్నారు. అంటే నాలుగు రకాలు. పక్కన ‘లక్ష్మి’ చేరితే కె-ఎస్-హెచ్ తోనా, ఎక్స్ తోనా అని మరో రెండు. ‘శ్రీలక్ష్మి’ అనే ఒక్క పేరుకు అక్కడికే ఎనిమిది స్పెల్లింగులు తేలాయి. త, ట లకూ ద, డ లకూ తేడా చూపించలేని అక్షరమాల అది. దీర్ఘాలకు ఒక పద్ధతంటూ లేదు. వ రాయాలంటే కొందరికి వి, కొందరికి డబ్ల్యు.

పెద్ద పేపర్లకు ఈ బాధ పెద్దగా ఉండదు. ఆంధ్రజ్యోతి వెబ్ చిరునామాలో చివరి అక్షరం ఐ కాదు, వై. ఈనాడు పేరు డాట్ కామ్‌తో కాక డాట్ నెట్‌తో ఉంటుంది. దశాబ్దాలుగా ఇంటింటికీ చేరిన పేర్లు కాబట్టి పాఠకులు వెతుక్కుని మరీ వెళ్తారు. నిన్న మొదలైన పచ్చళ్ల వ్యాపారం కోసం అంత ఓపిగ్గా వెతికేదెవరు?

దీనికి మార్గం తెలుగును వదిలేయడం కాదు, తెలుగులోనే ఒకే రకంగా టైపయ్యే మాటలు ఏరుకోవడం. నెమలి, గంప, పలక... ఇలాంటి మాటల్ని పదిమందికి చెప్పి టైప్ చేయమంటే పదిమందీ ఒకే స్పెల్లింగ్ కొడతారు. దీర్ఘాలు, ఒత్తులు, త-ద-శ-ళ లు లేని మాటలు వెతికితే దొరుకుతాయి. పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ కూర్చుంటే ఒక సాయంత్రంలో యాభై పోగవుతాయి.

న్యూమరాలజీ ప్రకారం పేరులో అదనంగా ఓ ఏ నో, హెచ్ నో చేర్చుకోవడం మన దగ్గర మామూలే. ఆ నమ్మకం ఉంటే బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద అలాగే ఉంచుకోండి. కానీ జనం సహజంగా కొట్టే స్పెల్లింగుతో ఉన్న డొమైన్ కూడా కొని, అది కొట్టినవాళ్లు మీ సైటుకే వచ్చేలా మళ్లించండి. దీన్ని రీడైరెక్ట్ అంటారు. పది నిమిషాల పని. ఎక్కువమంది తప్పుగా కొట్టే ఒకటి రెండు స్పెల్లింగులకూ ఇదే పద్ధతి.

ఎరుపు బస్సు నేర్పిన పాఠం

పేరు ఎలా ఉండాలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఫణీంద్ర సామకు ఓ దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఆ అనుభవంతోనే స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. బడి మొహం చూసిన ప్రతి ఒక్కరికీ తెలిసిన రెండు చిన్న మాటలు. రెంటికీ స్పెల్లింగ్ ఒకటే. అమ్మేదేమిటో పేరులోనే ఉంది, రంగు వల్ల కంటికి బొమ్మ కడుతుంది. చివర ఉన్నది డాట్ ఇన్. అయినా ఆ పేరు దేశమంతా పాకింది. 2013లో ఐబిబో గ్రూపు ఆ కంపెనీని కొనుక్కుంది.

విజయవాడ నుంచి వచ్చిన శ్రీహర్ష మాజేటి తన సహచరులతో కలిసి 2014లో ప్రారంభించిన స్విగ్గీది ఇంకో దారి. అది ఏ నిఘంటువులోనూ లేని కొత్త మాట. అలాంటి పేరుకు మొదట్లో ప్రచారం ఖర్చు ఎక్కువ. అలవాటయ్యాక మాత్రం ఇంకెవరితోనూ కలగాపులగం కాదు. చట్టం దగ్గరా అలాంటి పేరుకే బలమెక్కువ. రెడ్‌బస్, స్విగ్గీ, అమెజాన్, గూగుల్... ఇంగ్లిష్‌లో నాలుగింటికీ అక్షరాలు ఆరే. ఒక డొమైన్‌లో చుక్కకు ముందు 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చని నిబంధన చెబుతుంది. కానీ పన్నెండు, పదమూడు దాటితే ఫోన్‌లో చెప్పడమే కష్టం.

‘బెస్ట్’, ‘ఆన్‌లైన్’, ‘హైదరాబాద్’ లాంటి మాటలన్నీ గుచ్చి పొడవాటి పేరు పెడితే గూగుల్‌లో పైన కనిపిస్తామని కొందరి ఆశ. ఒకప్పుడు అది కొంత పనిచేసింది. 2012 సెప్టెంబరులో గూగుల్ తన పద్ధతి మార్చి, పేరులో వెతుకుడు మాటలు కుక్కి లోపల సరుకు లేని సైట్లను కిందికి నెట్టింది. పైగా ఊరి పేరు, వస్తువు పేరు రెండూ గుచ్చితే వ్యాపారం పెరిగిన రోజున అవే అడ్డొస్తాయి. ‘వరంగల్ పచ్చళ్లు’ అని పెట్టుకున్నవాళ్లు రేపు కరీంనగర్‌లో పొడులు, స్వీట్లు అమ్మాలంటే మళ్లీ పేరు వెతుక్కోవాలి.

ఇంకో జాగ్రత్త. డొమైన్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలన్న తేడా లేదు. ఎక్స్‌పర్ట్స్ ఎక్స్ఛేంజ్ అనే అమెరికన్ సైట్ పేరు కలిపి రాస్తే ఇబ్బందికరమైన అర్థం వస్తోందని మధ్యలో అడ్డగీత పెట్టుకోవాల్సి వచ్చింది. మీ పేరును అన్నీ చిన్నక్షరాల్లో కలిపి రాసి, వ్యాపారం సంగతి తెలియనివాళ్లకు చూపించి పైకి చదవమనండి. అడ్డగీతలు, అంకెలు వీలైనంత వరకు వద్దు. ‘ఫోర్’ అంటే అక్షరాల్లోనా, అంకెలోనా అన్న సందేహం ప్రతి ఫోన్‌కాల్‌లో వస్తుంది.

తోక ఏది మంచిది?

చుక్క తర్వాత వచ్చే భాగాన్ని ఎక్స్‌టెన్షన్ అంటారు. కొనేవాళ్లు డల్లస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారంటే డాట్ కామ్ ఉండాల్సిందే. వ్యాపారం తెలుగు రాష్ట్రాల వరకే అయితే డాట్ ఇన్ హాయిగా సరిపోతుంది. 2005 నుంచి అది అందరికీ అందుబాటులో ఉంది. నిర్వహణ నిక్సీ అనే సంస్థది. వీలైతే రెండూ తీసుకుని ఒకదాన్ని రెండోదానికి మళ్లించడం మేలు. షాప్, స్టోర్, ఆన్‌లైన్ లాంటి కొత్త తోకలు మొదటి ఏడాది వంద రూపాయలకే దొరుకుతాయి. రెండో ఏడాది రెన్యూవల్ బిల్లు వేలల్లోకి వెళ్లొచ్చు. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది రెన్యూవల్ ధర. ఇప్పుడు మోజుగా ఉన్న డాట్ ఏఐ నిజానికి కరీబియన్ సముద్రంలోని అంగ్విల్లా దీవిది, డాట్ టీవీ పసిఫిక్‌లోని తువాలు దేశానిది. ఆ తోకల ధరలు, నిబంధనలు అక్కడి నిర్ణయాల మీద ఆధారపడి ఉంటాయి.

తెలుగు లిపిలోనే చిరునామా కావాలంటే ‘డాట్ భారత్’ ఉంది. చుక్కకు ముందూ తర్వాతా అంతా మన అక్షరాలే. టీ నా, టీ హెచ్చా అన్న గొడవే ఉండదు. అయితే కొన్ని ఈమెయిల్ సర్వీసులు, ఆన్‌లైన్ ఫారాలు ఇప్పటికీ తెలుగు చిరునామాల్ని సరిగా తీసుకోవు. అందుకే ఇంగ్లిష్ పేరును ప్రధానంగా ఉంచి, తెలుగు పేరును దానికి జతచేయడం ప్రస్తుతానికి మంచి పద్ధతి. మైకు నొక్కి తెలుగులో చెప్పి వెతికేవాళ్లు పెరుగుతున్న కాలంలో ఈ రెండో పేరుకు విలువ పెరిగేదే.

తోకకు నమ్మకంతో ఎంత సంబంధముందో బ్యాంకుల్ని చూస్తే అర్థమవుతుంది. నకిలీ సైట్ల మోసాలు పెరగడంతో బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక సంస్థ మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకు కానివాళ్లకు ఆ తోక దొరకదు. తిరుమల దర్శనం టికెట్ల పేరిట పుట్టుకొచ్చే నకిలీ సైట్ల గురించి టీటీడీ పదే పదే భక్తుల్ని హెచ్చరిస్తూనే ఉంది. ‘చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉందా?’ అని చూసుకుంటే చాలు, అసలుదేదో తెలిసిపోతుంది. చిన్న వ్యాపారికి అలాంటి ప్రత్యేక తోక లేదు కాబట్టి, తన పేరును పోలిన పేర్ల మీద తనే ఓ కన్నేసి ఉంచాలి.

ఆ పేరు ఇంకొకరిదేమో!

దొరికింది కదా అని కొనేస్తే సరిపోదు. ఖాళీగా ఉన్న ప్రతి పేరూ వాడుకోదగ్గది కాదు. సత్యం ఇన్ఫోవే సంస్థ తన పేరులోని అక్షరాలతో ‘సిఫీ’ అన్న మాట కట్టుకుని డొమైన్లు తీసుకుంది. మరో కంపెనీ అందులో ఇంకో ఎఫ్ చేర్చి దాదాపు అదే పేరుతో సైట్ పెట్టింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డొమైన్ నేమ్‌కూ ట్రేడ్‌మార్కుకు ఉన్నట్టే రక్షణ ఉంటుందని 2004లో కోర్టు తేల్చి చెప్పింది. ఒక అక్షరం అటూఇటూ మార్చి తప్పించుకుందామనుకునేవాళ్లకు ఆ తీర్పు గట్టి హెచ్చరిక.

అందుకే పేరు ఖాయం చేసుకునే ముందు కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతకాలి. ఇది ఉచితం. సరుకులు, సేవలు అక్కడ 45 తరగతులుగా ఉంటాయి. పచ్చళ్లు 29లో, స్వీట్లు 30లో, దుస్తులు 25లో. మీ తరగతిలో అదే పేరు ఇంకెవరికైనా ఉంటే దాన్ని వదిలేయడమే క్షేమం. లేకపోతే మీరే దరఖాస్తు పెట్టుకోండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. రక్షణ పదేళ్లు, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు.

మీ పేరునే ఎవరైనా దురుద్దేశంతో ముందే కొనిపెట్టుకుంటే? డాట్ ఇన్ పేర్ల తగాదాలకు ఐఎన్‌డీఆర్‌పీ అనే మధ్యవర్తిత్వ విధానం ఉంది. డాట్ కామ్ లాంటి వాటికి 1999 నుంచి యూడీఆర్‌పీ అమల్లో ఉంది. మంచి పేరు తడితే మాత్రం ఆలస్యం చేయొద్దు. జియో, హాట్‌స్టార్ కలవబోతున్నాయన్న ఊహతో ఢిల్లీకి చెందిన ఓ యువ డెవలపర్ రెండు పేర్లూ కలిపిన డొమైన్ ముందే కొని ఉంచడం, 2024లో అది దేశమంతా చర్చ కావడం గుర్తుండే ఉంటుంది.

తాళం ఎవరి చేతిలో?

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. చాలామంది వెబ్‌సైట్ చేసిచ్చే కుర్రాడికే డొమైన్ కొనే పనీ అప్పజెబుతారు. అతను తన ఈమెయిల్‌తో, తన ఖాతాలో కొంటాడు. రెండేళ్లకు అతను ఊరు మారతాడు, నంబరు మారుస్తాడు, లేదా ఇద్దరికీ మాట తేడా వస్తుంది. పేరు అతని ఖాతాలో ఉండిపోతుంది. డబ్బు ఎవరు కట్టారన్నది తర్వాత. రిజిస్ట్రీ పుస్తకంలో ‘రిజిస్ట్రంట్’గా ఎవరి పేరుందో వాళ్లదే డొమైన్. కాబట్టి ఖాతా మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతో, మీ ఈమెయిల్‌తోనే ఉండాలి. ఆ ఈమెయిల్ మళ్లీ అదే డొమైన్ మీద నడిచేది కాకూడదు. డొమైన్ ఆగిన రోజున మెయిలూ ఆగిపోతుంది.

ఇక గడువు. డొమైన్‌ను ఒక ఏడాది నుంచి పదేళ్ల వరకు తీసుకోవచ్చు. డాట్ కామ్ గడువు దాటితే వెంటనే పోదు. మామూలు ధరకే పునరుద్ధరించుకునే వీలు గరిష్ఠంగా 45 రోజులు ఉండొచ్చు. అది రిజిస్ట్రార్‌ను, అంటే డొమైన్ అమ్మే సంస్థను బట్టి మారుతుంది. తర్వాత 30 రోజులు భారీ రుసుముతో విడిపించుకోవాలి. ఇంకో ఐదు రోజులు గడిస్తే ఎవరైనా కొనేసుకోవచ్చు. 1999 చివర్లో మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే తన పాస్‌పోర్ట్ డాట్ కామ్‌కు 35 డాలర్లు కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ ఆ చిరునామా మీదే నడిచేది. హాట్‌మెయిల్‌లోకి వెళ్లలేక జనం అవస్థపడ్డారు. చివరికి బయటి ప్రోగ్రామర్ ఒకరు తన కార్డుతో ఆ డబ్బు కట్టారు. అందరికీ అలాంటి మంచివాళ్లు తగలరు. ఆటో రెన్యూవల్ పెట్టుకోండి, మూడు నుంచి ఐదేళ్లకు ఒకేసారి కట్టేయండి.

కొనే ముందు ఇవి చూసుకోండి

- ఐదుగురికి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పండి. టైప్ చేసి పంపమనండి. నలుగురైనా సరిగ్గా కొట్టారా?
- చిన్నక్షరాల్లో కలిపి రాస్తే వేరే అర్థం వస్తోందా?
- ఐదేళ్ల తర్వాత ఇంకో సరుకు, ఇంకో ఊరు చేర్చినా ఈ పేరు నప్పుతుందా?
- ట్రేడ్‌మార్క్ వెతికారా? అదే పేరు ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలోనూ దొరుకుతోందా?
- రెన్యూవల్ ధర ఎంత? జీఎస్టీ కలిపి చూశారా?
- ఖాతా ఎవరి పేరు మీద ఉంది? పాస్‌వర్డ్ మీ దగ్గరుందా, రెండంచెల భద్రత పెట్టారా?

ఉప్పాడ జమ్దానీ నేసే మగ్గానికీ, కొండపల్లి బొమ్మ చెక్కే ఉలికీ, పోచంపల్లి ఇక్కత్ రంగులకూ ప్రపంచంలో పేరుంది. ఆ పేరు మీద వచ్చే రాబడిలో ఎక్కువ భాగం మధ్యలో ఉన్న ప్లాట్‌ఫామ్‌లకూ దళారులకూ పోతోంది. కొనేవాళ్లు చేసిన మనిషి దగ్గరికే తిన్నగా రావాలంటే ఆ మనిషికి సొంత చిరునామా ఉండాలి. దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఓ సాయంత్రం ఇంట్లోవాళ్లతో కూర్చుని ఆలోచిస్తే పేరు దొరుకుతుంది, ఓ గంటలో రిజిస్ట్రేషన్ పూర్తవుతుంది. పని చేసే చేతులు మీవి. ఆ పని పేరు మీదున్న చిరునామా కూడా మీదే అయి ఉండాలి. ఇంకొకరు కొనేలోపు, ఈ వారమే కొనేయండి.